ఊడిన బ్రాకెట్ వెనకవైపు

డాక్టర్ స్వప్న దవాఖానలో లోపలి గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఒక వాసన బయటికి వస్తోంది. కొత్తగా రంగు వేసిన కిటికీ వాసనకు దగ్గరగా ఉంటుంది కాని అది కాదు. కొంచెం తీపి, కొంచెం ఘాటు కలిసి ముక్కు లోపల ఎక్కడో అంటుకుని కాసేపటిదాకా వదలదు. పంటికి క్లిప్పులు అతికించే పదార్థం వాసన అది. నా ఉద్యోగమంతా ఆ వాసనలోనే గడిచింది. పని మానేశాక ముక్కు దాన్ని మరిచిపోయిందనుకున్నాను. మరవలేదు. జనగామ బస్టాండు ఎదురుగా ఉన్న ఆ దవాఖానలో, నా వంతు కోసం కూర్చుని జేబులోని కాగితం పొట్లం తడుముకుంటూ ఉంటే, మహబూబాబాద్ స్టేషను పక్క సందులోని ఒక రేకుల గది గుర్తొచ్చింది. తడిగుడ్డ చుట్టిన చిన్న సీసాలు, వాటి ముందు చెక్కపీట ఎక్కి నిలబడ్డ సకీనా మేడం గుర్తొచ్చారు.

పొట్లంలో ఉన్నది నా పంటి ముక్క. నిజానికి అది పంటిది కాదు. పైవరుసలో కోరపన్నుకు ముందున్న పన్ను అంచు చాలా ఏళ్ళ కిందట పెచ్చులా లేచిపోయింది. ఆ ఖాళీని పంటి రంగు పదార్థంతో నింపారు. కొన్నేళ్ళకోసారి అది ఊడుతుంది, మళ్ళీ పెట్టించుకుంటాను. ముందురోజు సాయంత్రం సన్నటి వానలో కాల్చిన మక్కకంకి అమ్ముతూ ఒకామె కనబడింది. నా వయసువాడు గింజలు ఒలుచుకుని తినాలి. నేను కొరికాను.

చిన్నప్పటినుంచి నాకు డైరీ రాసే అలవాటు. మేడం గురించి రాయాలనుకున్నప్పుడు ఆ డైరీలన్నీ కిందికి దించి దుమ్ము దులిపాను. రైలు ఎంత ఆలస్యంగా వచ్చింది, ఏ రోగికి ఏ తీగ మార్చాను, ఏ రోజు వాన పడింది – అవన్నీ పద్ధతిగా ఉన్నాయి. మేడం గొంతు మాత్రం వాటిలో లేదు. అది నా చెవిలోనే ఉండిపోయింది. అందుకే డైరీలను మళ్ళీ పైకెక్కించి, చెవిలో ఉన్నదాన్ని రాస్తున్నాను.

ఆమె పేరు డాక్టర్ సకీనా బేగం. రైల్వే గార్డు కూతురు, మహబూబాబాద్‌లో పుట్టి పెరిగారు. ఆ ఊరిని మావైపు అందరిలాగే ఆమె కూడా మానుకోట అనే అనేవారు. ఎత్తు పళ్ళు, వంకర పళ్ళు సరిచేసే వైద్యానికి ఆర్థోడాంటిక్స్ అని పేరు. హైదరాబాదులో మేము చదివిన కళాశాలలో ఆమె ఆ విభాగానికి ప్రొఫెసర్. మనిషి చాలా పొట్టి. రోగి కుర్చీ పక్కన పీట వేసుకుని, దాని మీద నిలబడి పనిచేసేవారు. పీట కనబడకపోతే పనికి దిగేవారు కాదు. పాఠం ఇంగ్లీషులో, రోగితో మాటలు మానుకోట తెలుగులో, కోపం ఉర్దూలో. కోపం తక్కువే కాని ఉర్దూ తరచుగానే వినబడేది.

దంతవైద్యం డిగ్రీ అయ్యాక ఈ ఒక్క వైద్యానికే మూడేళ్ళ ప్రత్యేక శిక్షణ ఉంటుంది. అందులో సీటు వచ్చి మొదటిరోజు వరుసగా నిలబడ్డప్పుడు ఆమె మా పేర్లు అడగలేదు. "పేర్లు నాకు యాదికుండయ్. ఊర్లు చెప్పుండ్రి," అన్నారు. నాది స్టేషన్ ఘన్‌పూర్. ఆ క్షణంనుంచి నేను ఘన్‌పూర్‌ని. పక్కన నిలబడ్డవాడు గుంటూరు అయ్యాడు. చురుకైన చెయ్యి, అంతకన్నా చురుకైన నోరు వాడిది. నేను "గట్లనా" అంటే వాడు సినిమాలో పనివాడి వేషగాడిలా సాగదీసి "గట్లనా" అనేవాడు, హాస్టలంతా నవ్వేది. ఒకరోజు మేడం చెవిన పడింది. పీట దిగకుండానే తల తిప్పి చూశారు. "గుంటూరూ, రేపటిసంది నీ కుర్చీల కూసునేటోళ్ళు గిట్లనే మాట్లాడుతరు. పండు సులుకుమంటున్నదంటే ఏందో నీకు తెల్వదు. ఎక్కిరించుడు కాదు, నేర్సుకో." పండు అంటే పన్ను, సులుకుమనడమంటే పోటు పెట్టడం అన్న దగ్గర్నుంచి వాడు నా దగ్గర మాటలు నేర్చుకోవడం మొదలుపెట్టాడు. వెక్కిరించడం మానలేదనుకోండి. కాని నేర్చుకుని వెక్కిరించాడు.

మేడం దగ్గర ఒక ఆచారం ఉండేది. రోగి పంటి మీద చెయ్యి వేయకముందు ప్రతి విద్యార్థీ తన పంటికి ఒక బ్రాకెట్ అతికించుకుని తిరగాలి. క్లిప్పులు అని అందరూ అనేవాటిలో పంటికి అంటుకుని ఉండే చిన్న లోహపు ముక్కే బ్రాకెట్. తీగ దాని గాడిలోంచి పోతుంది, తీగ లాగినట్టు పన్ను కదులుతుంది. బ్రాకెట్ ఊడితే తీగ ఎంత మంచిదైనా వ్యర్థం. అందుకని అతికించడమే మొదటి పాఠం. జంటలుగా విడదీసి, నాకు గుంటూరు, గుంటూరుకు నేను అతికించాలన్నారు.

ఆ పని చెప్పడానికి ఆమె పుస్తకం తెరవలేదు, కిటికీలోంచి కొత్త భవనం కడుతున్నవాళ్ళను చూపించారు. "నున్నటి గోడకు మాలు పడుతదా? ముందుగల గాట్లు పెడుతరు, గప్పుడు పూస్తరు. పండు గూడ గంతే." మేస్త్రీలు సిమెంటూ ఇసుకా కలిపినదాన్ని మాలు అంటారు. మేడం మా జిగురును కూడా మాలు అనే అనేవారు. పంటిని తోమి, ఆరబెట్టి, యాసిడ్ పూసి కాసేపు ఉంచుతాం. కడిగి మళ్ళీ ఆరబెడితే నిగనిగలాడే పన్ను సుద్దముక్కలా తెల్లబడుతుంది. కంటికి కనబడని గాట్లు పడ్డాయని ఆ తెలుపే గుర్తు. అప్పుడు రెండు సీసాల్లోని ముద్దలు కలిపి, బ్రాకెట్ వీపుకు రాసి, పంటికి అదమాలి. ఆ రోజుల్లో కలిపిన మాలు చూస్తుండగానే గట్టిపడేది. ఎండ ముదిరితే చెయ్యి తిప్పుకునే వ్యవధి కూడా ఇచ్చేది కాదు.

గుంటూరు నాకు పెట్టిన బ్రాకెట్ వారం తిరక్కముందే జొన్నరొట్టెలో వచ్చింది. నేను వాడికి పెట్టింది కదల్లేదు. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ ఊడింది. ఎముకలు కొరుకుతున్నావా అని హాస్టల్లో అందరూ అడిగారు. తన పేరు చెడగొట్టడానికి నేనే వేలితో పీక్కుంటున్నానని గుంటూరు అనుమానం. తగువు మేడం దాకా పోయింది. ఆమె మా ఇద్దరి మాటలూ వినలేదు, ఊడిన ముక్క ఏదని అడిగారు. నా జేబులో ఉంది. భూతద్దం కింద దాన్ని బోర్లా తిప్పారు.

"చూడు. మాలు మొత్తం దీని వీపుకే ఉంది. పంటి మీద జరంత గూడ లేదు. అంటే మాలు లోహాన్ని ఇడ్వలే, పండే మాలును పట్టలే. మాలు పంటి మీద ఉండిపోయి ఇది నున్నగ వస్తే తప్పు ఇంకో తీరు. ఊడినదాన్ని ముందు తిప్పి చూడాలె. ఆ తర్వాతనే నోరు తెరవాలె."

ఆ రోజు ఇంకో ఆజ్ఞ కూడా అయింది. బ్రాకెట్ ఊడి వచ్చిన రోగిని ఏం తిన్నావని అడిగే హక్కు, దాని వీపు చూడనివాడికి లేదు. దంతవైద్యులందరికీ ఉండే అలవాటది. ముక్క ఊడగానే మా నోట్లోంచి వచ్చే మొదటి మాట "ఏం తిన్నారు?" దాంతో తప్పు కుర్చీలో ఉన్నవాడిదైపోతుంది. మేడం దగ్గర ఆ మాట ముందుగా అన్నవాడు ఆ పూటంతా పనిముట్లు కడగాల్సిందే. నా పంటి సంగతికి మాత్రం అప్పుడు అందరం ఒక కారణం అనుకున్నాం: గుంటూరు దూది సరిగా పెట్టలేదు, ఉమ్మి తగిలి పన్ను తడిసింది. వాడు మేడంతో తిట్లు తిని, దూది పెట్టడం మళ్ళీ నేర్చుకున్నాడు. నా పన్నును వదిలేశాం.

రెండో ఏడునుంచి ఆదివారాలు మేడంతో మానుకోట వెళ్ళేవాళ్ళం. స్టేషను పక్క సందులో ఆమె అద్దెకు తీసుకున్న రేకుల గదిలో ఒకే ఒక్క కుర్చీ ఉండేది. పొద్దున రైలెక్కి మాలు సీసాలను తడిగుడ్డ చుట్టి మట్టి కూజాలో పెట్టి, కూజాను ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. జనగామ దాటాక ఒకసారి, కాజీపేటలో ఒకసారి గుడ్డ తడపాలి, అది మా వంతు. తోటి ప్రయాణికులు కూజాలో మంచినీళ్ళున్నాయనుకుని అడిగేవారు.

కమిలి ఆ గదికే వచ్చింది. మానుకోట అవతలి తండా. చదువు ఎనిమిదిలో మానేసిందని తండ్రి సామ్యా చెప్పాడు. ఎందుకు మానేసిందో పిల్లను చూస్తే తెలిసింది. పైపళ్ళు ముందుకొచ్చి పెదవి మూతపడదు, రెండు కోరపళ్ళు చిగురు పైన ఎక్కడో మొలిచాయి. బడిలో పాఠం పైకి చదవమంటే వెనక బెంచీలు నవ్వేవట. మాట్లాడినంతసేపూ ఓణీ కొంగు నోటికి అడ్డం పెట్టుకునే ఉంది. మేడం పరీక్ష చేసి, ఇది నీ కేసు అని నాకు అప్పగించారు. మూడో ఏడు చివర పరీక్షలో ప్రతి విద్యార్థీ తాను మొదలుపెట్టి ముగించిన రోగిని పరీక్షకుల ముందు చూపించాలి. కమిలి పళ్ళు సరైతేనే నాకు డిగ్రీ.

బ్రాకెట్లన్నీ అతికించి పంపాను. వచ్చే ఆదివారానికి సగం ఊడాయి. మళ్ళీ పెట్టాను. దూది మీద దూది మార్చాను, గుంటూరును పక్కన నిలబెట్టి గాలి ఊదించాను. తెల్లబడిందో లేదో కళ్ళారా చూసుకుని పెట్టాను. మళ్ళీ ఊడాయి. ఊడినవాటిని ఆ పిల్ల ఓణీ కొంగున ముడి వేసుకుని తెచ్చేది, కుర్చీ ఎక్కగానే ముడి విప్పి నా అరచేతిలో పోసేది. ఒకసారి గుంటూరు ఉండబట్టలేక సామ్యాను అడిగేశాడు, పిల్ల చెరుకు గాని నమిలిందా అని. సామ్యా వాణ్ణి కిందినుంచి మీదికి చూశాడు.

"గట్క తాగింది సారూ. గట్కకు పండ్లతోని ఏం పని?"

గట్క అంటే జొన్నరవ్వతో కాచే జావ. గుంటూరు ఆ పూటంతా పనిముట్లు కడిగాడు. సామ్యా మాత్రం అక్కడితో ఆగలేదు. ఆదివారం ఆదివారం పని పోగొట్టుకుని ఇంత దూరం రావడం తనవల్ల కాదన్నాడు. మిరపకాయ ఏరే పనికి ఇల్లంతా ఖమ్మం వైపు పోతుంది. పోయేముందు ఒక్కసారి వస్తారు. అప్పుడు పెట్టినవి తాము తిరిగొచ్చేదాకా నిలిస్తే సరే. "లేకుంటే అన్ని పీకెయ్యుండ్రి. నలుగుట్ల నవ్వులపాలు గాకుంట పిల్లను ఇంట్ల కూసోబెట్టుకుంట."

కమిలి అప్పటిదాకా మాతో సొంతంగా ఒక్క మాట మాట్లాడలేదు. కొంగు తీయకుండానే అంది. "పీకకు సారూ. ఊడితే మల్ల పెట్టు."

తిరుగు రైల్లో మేడంను అడిగాను. గడువు దగ్గర పడుతోంది, వేరే రోగిని ఇప్పించమన్నాను. కొత్త కేసు మొదలుపెట్టినా కష్టపడితే పరీక్ష నాటికి ముగించగలనన్నాను. ఆమె ఒళ్ళోని కూజాను కిటికీ వైపు జరిపి, నావైపు తిరిగారు.

"ఇస్త. మంచి పండ్ల పిల్లనే ఇస్త. నువ్వు పాసైతవ్. మరి ఆ పిల్లకు ఎవల్ని ఇయ్యాలె?"

ఘన్‌పూర్ స్టేషను వచ్చి, మా ఇంటి వైపు దీపాలు కనబడి వెనక్కి పోయాయి. అప్పుడు ఊడిన బ్రాకెట్లు తియ్యమన్నారు. రైలు పెట్టె దీపం కింద ఒక్కొక్కటే తిప్పి చూశారు. అన్నిటి వీపులకూ మాలు నిండుగా ఉంది.

"నీ పంటిదీ గిట్లనే వచ్చె గదా, మొదట్ల?" అన్నారు.

అవునన్నాను.

"పండు తెల్లబడ్డదని చూసినంకనే పెట్టినవా?"

చూశానన్నాను. కమిలి పళ్ళు ఎప్పుడూ చక్కగా తెల్లబడతాయని కూడా చెప్పాను.

"యాసిడ్ పెట్టకముందు ఆరబెట్టి చూసినవా ఎన్నడన్న?"

చూడలేదు. ఎవరు చూస్తారు? వచ్చే ఆదివారం కమిలిని కూర్చోబెట్టి, యాసిడ్ ముట్టకుండా ఉత్త గాలితో ఆరబెట్టాం. పళ్ళు సుద్దముక్కల్లా తెల్లగా బయటపడ్డాయి. కమిలి అద్దంలో చూసుకుని, ఇందులో వింతేముందన్నట్టు చెప్పింది. "మా తండల బోరు ఏసినంక పుట్టినోళ్ళందరియి గిట్లనే ఉంటయ్ సారూ. మా పెద్దన్నయి గిట్ల లేవు, ఆయన అంతకుముందు పుట్టిండు."

మేడం పీట మీదినుంచి దిగి నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. నా పళ్ళూ ఆరబెట్టారు. అద్దం నా చేతికిచ్చారు. మా ఇంటి చేదబావి నీళ్ళు చప్పగా, నాలుకకు గరుకుగా ఉండేవి. పుట్టినప్పటినుంచి చూసుకుంటున్న పళ్ళ మీద, అంతకుముందెన్నడూ నేను పట్టించుకోని తెల్లటి మచ్చలు.

"ఇది నీ యాసిడ్ చేసిన తెలుపు కాదు. నీళ్ళు చేసిన తెలుపు," అన్నారు మేడం. "నీళ్ళల్ల ఫ్లోరైడు ఎక్కువైతే పై పొర గిట్లయితది. యాసిడ్‌కు లొంగది. గాట్లు పడకముందే పడ్డయనుకుని మాలు పూసినం. గుంటూరు దూది తప్పు కాదది, నిష్కారణంగ తిట్టిన." గుంటూరు గదిలోనే ఉన్నాడు. ఆ మాటకు వాడు నాలుగురోజులు నేల మీద నడవలేదు.

ఇక ఏం చెయ్యాలని అడిగాను. తనకు తెలియదన్నారు. పుస్తకాల్లో ఉన్నది కొంచెమేనని, ఆ కొంచెం ఈ నీళ్ళు తాగినవాళ్ళ పళ్ళ మీద చూసి రాసింది కాదని చెప్పారు. ప్రొఫెసర్ నోట తెలియదన్న మాట నేను విన్నది అదే మొదలు. ఆ మాట చెప్పి ఆమె ఊరుకోలేదు. మరుసటిరోజే జనగామ, మానుకోట వైపు దంతవైద్యులకు ఉత్తరాలు రాసి, తీసేసిన మచ్చల పళ్ళు సీసాల్లో దాచి పంపమన్నారు. అవి వచ్చాయి. మైనపు దిమ్మెల్లో వాటిని గుచ్చి, పై పొరను మెత్తటి రాతితో కొంచెం రుద్ది ఒకసారి, రుద్దకుండా ఒకసారి, యాసిడ్ మామూలుసేపు ఉంచి, అంతకన్నా ఎక్కువసేపు ఉంచి బ్రాకెట్లు అతికించాను. తీగ కట్టి తూకపురాళ్ళు వేలాడదీసి ఏది ఎంత బరువుకు ఊడుతుందో చూశాను. తరగతులు అయిపోయాక మిగిలిన పొద్దంతా అదే పని. గుంటూరు రాళ్ళు అందించేవాడు. ఊడిన ప్రతిదాన్నీ ఇద్దరం తిప్పి చూసేవాళ్ళం.

బాగా రుద్ది, యాసిడ్ బాగా ఎక్కువసేపు ఉంచిన పళ్ళు మేము వేలాడదీసిన ఏ రాయికీ లొంగలేదు. నాకు పట్టరాని సంతోషం. అదే పద్ధతిలో కమిలికి పెడతానన్నాను. మేడం ముందు నీ పంటికి పెట్టుకో అన్నారు. ఆచారం ఆచారమే కదా. గుంటూరు నాకు అతికించాడు. జొన్నరొట్టె తిన్నాను, బటానీలు తిన్నాను, మానుకోట ప్లాట్‌ఫారం మీద అమ్మే గట్టి సకినాలు కావాలని వెతికి తిన్నాను. కదల్లేదు. నిలిచిందని మేడంకు చెప్పాను.

"నిలిచింది. ఇప్పుడు తియ్యి."

గుంటూరు పటకారుతో పట్టి మెల్లగా ఒత్తాడు. టిక్కుమని చిన్న చప్పుడైంది. పన్ను జివ్వుమంది, నాలుక పెడితే అంచు గీసుకుంది. మేడం బ్రాకెట్‌ను వాడి చేతిలోంచి తీసుకుని తిప్పారు. దాని వీపు మీద మాలుతోపాటు నా పంటి పెచ్చు ఉంది.

"చూసిండ్రా? మాలు పండును ఇడ్వలే. పండే ఇడ్సింది." ఆమె గొంతులో కోపం లేదు. "అతికిచ్చుడొక్కటే మన పని కాదు బిడ్డా. పని అయినంక దెబ్బ తాకకుంట తియ్యాలె. రెండూ చేతనైతేనే నువ్వు డాక్టర్‌వు. గిది ఆ పిల్ల నోట్ల అయితే ఏం జేద్దువు?"

ఆ ఖాళీని ఆమే స్వయంగా నింపారు. తెల్లారి మళ్ళీ దిమ్మెల ముందు కూర్చున్నాను. ఈసారి గట్టిగా పట్టేది కాదు, చాలినంత పట్టి శుభ్రంగా వదిలేది కావాలి. రుద్దడం తగ్గించాను, యాసిడ్ ఉంచే సేపు తగ్గించాను, మళ్ళీ కొంచెం పెంచాను. చివరికి ఒక కొలత కుదిరింది. దాన్ని నా రెండోవైపు పంటికి పెట్టించుకుని, నమిలి, తీయించుకున్నాను. మాలు కొంత బ్రాకెట్‌కు, కొంత పంటికి మిగిలింది. పన్ను చెక్కుచెదరలేదు. మేడం తిప్పి చూసి నా చేతిలో పెట్టారు.

మిరప పనికి పోయేముందటి ఆదివారం సామ్యా కూతుర్ని తెచ్చాడు. పొద్దున కుర్చీ ఎక్కిన కమిలి మధ్యాహ్నం రైలు పోయాక దిగింది. సామ్యా గుమ్మంలో గొంతుకూర్చుని చుట్ట వెలిగించకుండానే చేతిలో తిప్పుతూ ఉన్నాడు. వెళ్ళేటప్పుడు ఆ పిల్ల కొంగు చివర పట్టుకుని, ఖాళీ ముడి ఒకటి వేసుకుంది. ఊడితే దాచడానికట.

ఆ తర్వాత కబురు తెలిసే దారి లేదు. ఏ తోటలో ఉన్నారో మాకు తెలియదు. పరీక్షకు చదివాను, వేరే రోగులను చూశాను. మానుకోట గది తలుపు నెట్టినప్పుడల్లా ముందు బెంచీ వైపు చూసేవాణ్ణి. మేడం ఒక్కసారి కూడా ఆ పిల్ల మాట ఎత్తలేదు. ఆమె కూడా ముందు బెంచీనే చూడటం మాత్రం గమనించాను.

ఉగాది పోయాక వచ్చారు. ఎండకు నల్లబడి, చేతులనిండా మిరపకాయ మంటలతో వచ్చింది కమిలి. కుర్చీ ఎక్కగానే అలవాటుగా కొంగు ముడి విప్పింది. నేను అరచెయ్యి చాచాను. ముడిలోంచి ఒకే ఒక్క బ్రాకెట్ వచ్చింది. నేను దాన్ని తిప్పి చూసేలోపే ఆ పిల్ల నన్ను దాటి నా వెనక నిలబడ్డ గుంటూరు వైపు చూసింది.

"గిది మీ తప్పు గాదు సారూ. ఈ మాటు నిజంగనే చెరుకు తిన్న."

ఎవరూ అడగలేదు. కొంగు అడ్డం పెట్టుకోకుండా అంది. మేడం పీట మీద నిలబడి, నవ్వు ఆపుకోలేక తల పక్కకు తిప్పుకున్నారు. మిగతా బ్రాకెట్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

నెలనెలా తీగలు మార్చగా, పరీక్ష నాటికి కమిలి పళ్ళు వరుసకు వచ్చాయి. పరీక్షలో ఊడిన సంగతులు చెప్పొద్దని, చక్కగా నిలిచినవాటినే చూపించమని తోటివాళ్ళు సలహా ఇచ్చారు. మేడం ఒప్పుకోలేదు. ఊడిన బ్రాకెట్లన్నిటినీ ఒక పళ్ళెంలో పోసి, వాటి పక్కన కమిలిని కూర్చోబెట్టమన్నారు. పరీక్షకుడు ఆ పిల్ల వరుసైన పళ్ళకన్నా ఆ పళ్ళేన్నే ఎక్కువసేపు చూశాడు. చెమటలు పట్టేలా అడిగాడు, నాకు తెలిసింది చెప్పాను, తెలియనిది తెలియదన్నాను. పాసయ్యాను. కమిలి బ్రాకెట్లు నేనే నా చేత్తో తీశాను. ఒక్క పంటికీ గీత పడలేదు. ఆ పిల్ల మళ్ళీ బడికి పోయింది, తర్వాత తండాలోనే అంగన్‌వాడీ టీచరైంది. పిల్లలకు పాటలు పైకి పాడి నేర్పాల్సిన ఉద్యోగం అది.

హైదరాబాదులోనే ఉండి పాఠాలు చెప్పుకోవాలని నాకుండేది. జనగామకు పొమ్మన్నది మేడమే. అక్కడ ఈ వైద్యం చేసేవాడు లేడన్నారు. వెళ్ళాను. వారానికి ఒకరోజు భూపాలపల్లికి కూడా పోయేవాణ్ణి. గని పనివాళ్ళ పిల్లలు, చెల్పూర్ కరెంటు ప్లాంటు వైపు పిల్లలు వచ్చేవారు. ఒకసారి మేడం ఆ గది చూడటానికి బస్సులో వచ్చారు. కుర్చీ ఎట్లుంది, పనిముట్లు ఏం కొన్నావు అని అడగలేదు. బొగ్గుదుమ్ము పట్టిన చెప్పులు గుమ్మంలో విడిచి, లోపలికొస్తూనే అడిగారు. "ఈడ ఏం నీళ్ళు తాగుతరు?" ఏ బస్తీలో ఏ నీళ్ళో నేను ముందే తెలుసుకుని ఉన్నాను. చెప్పాను. అప్పుడు కూర్చుని చాయ్ తాగారు.

చివరిసారి ఆమెను మానుకోటలో వాళ్ళ ఇంట్లో చూశాను. మంచం మీద పీటంత అయిపోయి ఉన్నారు. పళ్ళు లేవు. నా చూపు నోటి మీదికి పోవడం పసిగట్టారు. "అన్ని ఊడినయ్ ఘన్‌పూర్. తిప్పి చూసుకున్న. ఏ గల్తి లేదు, వయసే," అన్నారు. ఆ తర్వాత కొన్నాళ్ళకే పోయారు. రేకుల గది ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. గుంటూరు తన ఊళ్ళో పెద్ద దవాఖాన నడిపి, నాలాగే పని మానేశాడు. ఫోను చేసినప్పుడల్లా "గట్లనా" అనే మొదలుపెడతాడు, ఆ తర్వాత నా పన్ను ఎట్లా ఉందని అడుగుతాడు.

నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన చిన్న డాక్టర్లందరికీ నేను కూడా ఒక్కో బ్రాకెట్ తగిలించాను. కొందరు విసుక్కున్నారు. ఇప్పుడు దీపం వెలుగు చూపిస్తేనే గట్టిపడే మాలు వచ్చింది, కలపడం లేదు, కూజా లేదు, తొందర లేదు. అయినా నీళ్ళు అవే, పళ్ళు అవే. యాసిడ్ పెట్టకముందు ఒకసారి ఆరబెట్టి చూడమంటే చూసినవాళ్ళే ఈ పనిలో నిలబడ్డారు. రేగొండనుంచి వచ్చిన స్వప్న అందులో ఒకతె. నా కుర్చీ, నా దీపం ఇప్పుడు ఆమె దగ్గరే ఉన్నాయి.

నా పేరు పిలిచారు. లోపలికి పోయి, కుర్చీలో కూర్చుని, పొట్లం విప్పి ఆమె చేతిలో పెట్టాను. ఈసారి పదార్థంతో కాకుండా మొత్తం పంటికే తొడుగు వేసుకుంటే మళ్ళీ మళ్ళీ ఊడదు గదా సార్ అని చాలా మెల్లగా అడిగింది. తొడుగు వెయ్యాలంటే మిగిలిన పన్నును చుట్టూ అరగదీయాలి. వద్దన్నాను. మిగిలిన పన్నును అట్లాగే ఉండనిచ్చి, ఎప్పటిలాగే ఖాళీని నింపమన్నాను. స్వప్న వాదించలేదు. భూతద్దం అందుకుని ఆ చిన్న ముక్కను పటకారుతో పట్టి వెలుగు కిందికి తెచ్చింది. తిప్పింది. కాసేపు చూసింది. నా పన్నును కూడా చూసి, "పంటి మీద సగం మాలు ఉంది సార్. మంచిగనే పట్టింది, బలంతోనే ఇరిగింది," అంది.

అంతే, దూది తీసుకోవడానికి పక్కకు తిరిగింది. ఏం తిన్నారని అడగలేదు.

మక్కకంకి సంగతి నేనే చెప్పాను.